ఎడమ కంటి బొమ్మ

జులై 6, ఆదివారం

యూనియన్ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. మొదటి పేజీల్లో నా భార్య యమున ముగ్గులు గీసింది. మధ్యలో ఒకచోట చేపల పులుసు ఎలా పెట్టాలో రాసుకుంది. మిగతాది ఇకనుంచి నాది. ఇంట్లో ఈమధ్య ఎవరితో ఏం మాట్లాడినా అది ఎటు పోయి ఎటు తేలుతుందో తెలియడం లేదు. రాసి పెట్టుకోవడమే నయం. బీరువాలో నా పాత యూనిఫాం కింద దాస్తాను.

మమత హైదరాబాదు నుంచి ఒక లాప్‌టాప్ తెచ్చింది. గనుల నమూనాలు కంప్యూటర్లో తయారుచేసే ప్రైవేటు ఆఫీసులో నా బిడ్డకు ఉద్యోగం. కొన్నాళ్ళు ఇంటి నుంచే పని చేస్తుందట. ఏసీ ఆఫీసు వదిలేసి గోదావరిఖనిలో ఈ రెండు గదుల క్వార్టర్‌కు, ఈ బురదలోకి ఎందుకొచ్చినట్టు? అడిగితే, "మీ మీద పానం గుంజింది బాపు" అంది. నేను నమ్మలేదు.

ఆ లాప్‌టాప్‌లో బొమ్మ తెర దాటి బయటికి వస్తుందని, లోపలికి లోతుగా పోతుందని, కళ్ళద్దాలేమీ అక్కర్లేదని చెప్పింది. భోజనాలయ్యాక ఒక్కొక్కరినే దాని ముందు కూర్చోబెట్టింది. ఓపెన్‌కాస్టు గని బొమ్మ పెట్టింది. మెట్లు మెట్లుగా దిగిపోయే గొయ్యి, అడుగున నల్లగా బొగ్గు. ముందు మా అవ్వ కూర్చుంది, నన్ను కన్న తల్లి. డెబ్బై దాటిన మనిషి. తెర వంక చూసిందో లేదో, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని వెనక్కి వాలింది.

"ఓ అవ్వో, పడ్తనే! ఎంత లోతున్నదే పోరీ!"

తర్వాత యమున. గాలిలో చెయ్యి పెట్టి గోతి అంచు తడిమింది. చేతికి ఏమీ తగలకపోయేసరికి సిగ్గుపడి నవ్వింది.

ఆ తర్వాత నేను. గొయ్యి బొమ్మ. మంచి బొమ్మే. కదలకుండా కూర్చుని చూశాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆ గోతుల్లో వంద టన్నుల డంపర్ తోలుతున్నవాణ్ణి, బొమ్మలో గొయ్యి చూసి వెనక్కి వాలతానా? ఆ మాటే పైకి అన్నాను. ఇంట్లో జంకనిది నేనొక్కణ్ణే. అవ్వ నవ్వింది. యమున నవ్వలేదు. మమత తెర వైపు చూడటం లేదు, నా ముఖం వైపే చూస్తోంది. ఎందుకు చూసినట్టు?

జులై 8, మొదటి షిఫ్టు

పొద్దున కెటిల్ లోంచి చాయ్ పోసుకుంటుంటే గ్లాసులో కాకుండా పక్కన పడింది. ఇది మొదటిసారి కాదు. నేను పోసే సమయానికి యమున గ్లాసు జరుపుతోంది. అడిగితే, "నేను పొయ్యి కాడున్న, గ్లాసు నేనెందుకు జరుపుత?" అని ఎదురడిగింది. బట్ట తెచ్చి తుడిచింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. చాయ్ ఒలికితే యమున ఊరుకునే మనిషి కాదు. ఊరుకుందంటే మనసులో ఏదో ఉంది.

నాకు తెలుసు ఏముందో. పోశం ఇంట్లో మొదలైంది కూడా ఇలాగే.

పోశం మా పక్క క్వార్టర్‌. నాతోపాటు చేరినవాడు. కిందటేడు నడుము పోయిందని మెడికల్ బోర్డుకు వెళ్ళి అన్‌ఫిట్ అయ్యాడు. ఉద్యోగం కొడుక్కి వచ్చింది. నడుము నిజంగానే పోయింది, నేను చూశాను. అయినా వాడకట్టులో ఇప్పటికీ అంటూనే ఉంటారు, పోయిందో, కొడుకు కోసం పోగొట్టుకున్నాడో అని. మా దగ్గర యాభై దాటినవాడు తుమ్మినా కొడుకు వయసెంతని అడుగుతారు. ఇప్పుడు పోశం పొద్దంతా చాయ్ హోటల్ బల్ల మీదే ఉంటాడు. ఇంట్లో వేడి అన్నం డ్యూటీకి పోయే కొడుక్కి. చల్లారాక ఈయనకు. ఈ మాట పోశమే నాతో అన్నాడు.

మా కొడుకు వేణుమాధవ్‌ హైదరాబాదులో పోటీ పరీక్షలు రాస్తూనే ఉన్నాడు. ఒక్కటీ రాలేదు. అందుకని నేను దిగిపోవాలా?

జులై 9

టీవీ ముందు నా కుర్చీ ఎవరో గదిలో ఎడమ చివరికి జరిపారు. ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు.

జులై 12, మొదటి షిఫ్టు

కంపెనీ దవాఖాన నుంచి పిలుపు వచ్చింది. ఆగస్టు 5న మెడికల్ పరీక్ష. కొన్నేళ్ళకోసారి అందరికీ వచ్చేదే. కళ్ళు, చెవులు, బీపీ అన్నీ చూస్తారు. నాకేం భయం లేదు. కళ్ళకేం కాలేదు. రోడ్డు కనబడుతోంది, మట్టి ఎత్తిపోసే షవల్ కనబడుతోంది, పేపరు చదువుతున్నాను. కొంచెం అలసట, అంతే.

అయినా ఎందుకైనా మంచిదని సాయంత్రం పోశంతో మాట్లాడాను. చార్టు అతనికి నోటికి వచ్చు.

"పైన పెద్ద ఇ. దాని కింద ఎఫ్, పి. కింద టి, ఓ, జెడ్. గా కింద ఎల్, పి, ఇ, డి. గంత వరకు చెప్తె సాలు సదానందం, కింది దాని జోలికి పోకు" అని నేర్పాడు. మళ్ళీ నన్ను ఎగాదిగా చూసి, "అందరు కనబడ్తలేదని చెప్పెతందుకు తిప్పలు పడ్తరు. నువ్వేంది, ఉల్టా?" అన్నాడు.

కళ్ళకేం కాలేదు, ఊరికే అడిగానన్నాను.

జులై 15, రెండో షిఫ్టు. వాన.

అంజి నిలబడకూడని చోట నిలబడ్డాడు.

జులై 16, రెండో షిఫ్టు

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

తవ్విన మట్టిని గుట్టగా పోసే చోట మేము డంపర్‌ను వెనక్కి తెస్తుంటే, ఎక్కడ ఆగాలో చెయ్యి చూపే పని అంజిది. కాంట్రాక్టు మనిషి. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. ఎప్పుడూ మా ఎడమ అద్దంలో కనబడేటట్టు నిలబడతాడు. నిన్న చూశాను, లేడు. అద్దంలో లేడు. చినుకులు, గుట్ట, బురద, అంతే ఉన్నాయి. నిదానంగానే వెనక్కి తెచ్చాను. కేక వినబడి బ్రేకు తొక్కాను. దిగి చూస్తే అంజి బురదలో బోర్లా పడి ఉన్నాడు. టైరుకు బెత్తెడు దూరంలో అతని హెల్మెట్.

తనే లేచాడు. మోచేతులు తుడుచుకున్నాడు. నా ముఖం చూసి, "ఏం గాలే అన్నా, ఏం గాలే" అన్నాడు. ఎవరూ చూడలేదు. ఎవరికీ చెప్పొద్దని నేను అనలేదు. అతనూ చెప్పలేదు.

నిలబడకూడని చోట నిలబడ్డాడు. తప్పు అతనిదే.

జులై 17

ఆ హెల్మెట్‌ది పసుపు రంగు. అంత పసుపు రంగు ఎవరికైనా కనబడాలి. అంటే అక్కడ లేడనే కదా అర్థం.

జులై 19, మొదటి షిఫ్టు

డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. లోపల మమత ఫోన్లో వేణుతో మాట్లాడుతోంది. చెవులు రిక్కించాను.

"లేదు తమ్మీ, నేను చెప్తె కోపానికస్తడు. ఆయన నోటి నుంచే రావాలె... అవ్, అమ్మకు గూడ ఎరుకే... జల్ది కావాలె. ఇట్లనే ఉంటె ఏమన్న అయితదేమోనని ఫికర్ అయితాంది."

నేను దగ్గాను. మాట ఆగిపోయింది. "బాపు అచ్చిండు, పెట్టేస్తున్న" అంది.

సరే. ఇప్పుడు తేలిపోయింది. ముగ్గురూ ఒకటే. నా నోటి నుంచే అన్‌ఫిట్ అనే మాట రావాలట. జల్ది కావాలట. వేణుకు వయసు దాటిపోతోంది కదా మరి. కన్నబిడ్డ, నేను చదివించిన బిడ్డ, లాప్‌టాప్ వంకతో వచ్చి ఇంట్లో కూర్చుని ఈ పని చేస్తోంది.

జులై 20, ఆదివారం

రెట్టింపు జీతం వచ్చే సెలవు రోజు పని ఈ వారం దొరకలేదు. ఇంట్లోనే ఉన్నాను. అందరి మీదా ఓ కన్నేసి ఉంచాను.

యమున ఆ లాప్‌టాప్‌ను చీర కొంగుతో తుడుస్తూ, "మనింటికి గూడ ఇసొంటిది ఒకటి కొనరాదే మమతా? సీరియల్లు గిట్ల బయటికొస్తె మంచిగుంటది" అంది.

"మనకెందుకమ్మా? నలుగురు కూసుండి చూసే సామాను కాదిది. ఒక్కసారికి ఒక్కలకే వస్తది. పక్కకు కూసున్నోళ్ళకు బొమ్మ మీద బొమ్మ పడి మసక కొడ్తది. బ్యాటరీ జల్ది దిగుతది. చదువుకునుటానికి, సినిమాలు చూసుటానికి మామూలుదే నయం. గనులు గీసేటోళ్ళకు, బిల్డింగులు గీసేటోళ్ళకు, ఆపరేషన్లు నేర్చుకునే డాక్టర్లకు... లోతు తెల్వాల్సినోళ్ళకు పనికొస్తది."

"గా తెర లోపలినుంచి లోతు ఎట్లొస్తది?" అని అవ్వ అడిగింది.

"తెర మీద కంటికి ఆననంత సన్నటి గాజు పట్టీలుంటయి బాపమ్మా. అవి ఒక బొమ్మను నీ ఎడమ కంటికి, ఇంకో బొమ్మను కుడి కంటికి పంపుతయి. రెండు బొమ్మలకు జరంత తేడా ఉంటది. నీ మెదడు రెండిటిని కలుపుకొని లోతు తయారుచేస్తది. మన కండ్లు రోజు చేసే పనే. నువ్వు అటిటు కదిల్తె చెదిరిపోకుండ, పైన గీ కెమెరాలు నీ కండ్లు ఎక్కడున్నయో చూసుకుంటనే ఉంటయి."

కెమెరాలు కళ్ళను చూస్తుంటాయట! నేను ఉలిక్కిపడ్డాను.

"చూసి ఎవలికి చెప్తయి?" అన్నాను.

"ఎవలికి చెప్పయి బాపు. తెరకే చెప్తయి."

ఈ మాట నమ్మడానికి నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు. గనుల పని చేసే ఆఫీసు. కళ్ళను చూసే కెమెరా. పదిహేను రోజుల్లో నాకు పరీక్ష.

"కొందరికి తలనొప్పి లేస్తది. ఒక కన్ను సరిగ్గ లేనోళ్ళకైతె అసలే రాదు. వాళ్ళకు ఉత్త బొమ్మలెక్కనే కనబడ్తది" అంటూ మమత చార్జింగు వైరు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిందే మళ్ళీ చుట్టింది. వానొచ్చేటట్టుంది, ఆరేసిన బట్టలు తియ్యండి అన్నాను.

జులై 22, రెండో షిఫ్టు

డ్యూటీకి పోకముందే రాస్తున్నాను. పొద్దున మమత స్నానానికి వెళ్ళినప్పుడు ఒక పని చేశాను. కరెంటు పనికి వాడే నల్ల టేపు తెచ్చి, తెర పైనున్న కెమెరాల మీద అంటించాను. తెర అంచు నలుపు, టేపు నలుపు. చూస్తే తెలియదు. ఇక నా కళ్ళ సంగతి ఎవరికి చెప్తుందో చెప్పమను.

ఇంకో పని కూడా చెయ్యాలి. ఈసారి మమత చూపిస్తే జంకలేదని గొప్పలు పోను. అవ్వ ఎలా చేసిందో అలా చేస్తాను. వాళ్ళకు కావలసింది నాకు లోతు రావడం లేదన్న మాట. ఆ మాట నా నోటి నుంచి రానివ్వను.

జులై 23

నిన్న జరిగింది ఇది.

డ్యూటీకి బయల్దేరబోతుంటే మమత పిలిచింది. "బాపు, ఆఫీసుకు పంపేముందు ఒక్కసారి చూసి చెప్పవా? డంపర్లు పొయ్యే తొవ్వ గీసిన. నువ్వైతె మంచిగ చెప్తవు." కూర్చున్నాను. గొయ్యి బొమ్మ, దాని పక్కనుంచి మలుపు తిరిగే మట్టి రోడ్డు. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. వెనక్కి వాలాను.

"అబ్బో! గీ అంచు ముక్కు మీదికొస్తున్నది గదనే! పడ్తనేమో అన్నట్టున్నది" అన్నాను. చెయ్యి చాచి గాలిలో అంచు కూడా తడిమాను. బాగానే చేశాననిపించింది.

మమత ముఖం విప్పారింది. "నిజంగనా బాపు? కనబడ్తున్నదా?" అంది. ఎందుకంత సంతోషమో అర్థం కాలేదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

అంతలో అవ్వ వచ్చి, నన్ను కూడా చూడనియ్యండని కూర్చుంది. కళ్ళు చికిలించింది. ముందుకు వంగింది.

"ఏదే పోరీ? లోతేదీ? ఇయ్యాల చాపలెక్క పరుసుకున్నది గదనే."

మమత వంగి చూసింది. తెర మూలన ఏదో గుర్తు వెలుగుతోంది. చేత్తో పై అంచు తడిమి, గోరుతో టేపు పీకింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కెమెరాలు మూస్తే కళ్ళు దొరకవు, కళ్ళు దొరక్కపోతే రెండు బొమ్మలు రావు, ఒకటే మామూలు బొమ్మ వస్తుందని మమత చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. నేను ముక్కు మీదికొచ్చిందన్న అంచు అసలు అక్కడ లేనే లేదు.

"డ్యూటీకి ఆలస్యమైతది పో బాపు" అంది, నా వైపు చూడకుండా.

వెళ్ళాను.

జులై 24

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అన్నిటికన్నా అనుమానంగా ఉంది.

జులై 26, మొదటి షిఫ్టు

ఇంట్లోవాళ్ళు చాలరని ఇప్పుడు అంజి కూడా. వారం పైనుంచి గమనిస్తున్నాను. మిగతా డంపర్లకు ఎడమవైపే నిలబడుతున్నాడు, అందరికీ చూపినట్టే చూపుతున్నాడు. నా బండి రాగానే నడుచుకుంటూ అవతలికి పోతాడు. దూరంగా, కుడి అద్దంలో చిన్నగా కనబడతాడు. సదానందం బండి దగ్గర నిలబడితే ప్రమాదమని నలుగురికీ చాటుతున్నాడన్నమాట. ఈ మాట ఆఫీసుకు చేరితే పరీక్ష దాకా కూడా ఆగరు.

ఒళ్ళు మండిపోయింది. షిఫ్టు ఇన్‌చార్జి భూపాల్ సార్‌తో చెప్పాను. అంజి నిలబడాల్సిన వైపు నిలబడడు, ఏదైనా అయితే నా మీదికొస్తుంది అన్నాను. అబద్ధం కాదు కదా. సార్ స్వయంగా వచ్చి చూశాడు. నిజంగానే కుడివైపున్నాడు. ఎందుకురా అంటే అంజి తల దించుకున్నాడు కానీ నోరు మెదపలేదు.

జులై 28

అంజి రాలేదు. కాంట్రాక్టరు ఇక రావద్దన్నాడట.

జులై 30

అతని జాగాలో కొత్తవాణ్ణి పెట్టారు. ఎడమవైపే నిలబడుతున్నాడు. ఇవాళ ప్రతిసారీ వాడు కనబడేదాకా బండి ఆపేశాను. వెనకున్న డంపర్లు హారన్లు కొట్టాయి. ఇ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్. ఎల్, పి, ఇ, డి.

ఆగస్టు 3, ఆదివారం

యమున, మమత, అవ్వ లక్ష్మీనగర్ వెళ్ళారు, బట్టల దుకాణానికి. ఇంట్లో నేనొక్కణ్ణే. లాప్‌టాప్ బల్ల మీద తెరిచి ఉంది. కూర్చున్నాను.

తెర మూలన రెండు పచ్చ చుక్కలు వెలిగాయి. అవి కళ్ళు దొరికాయనడానికి గుర్తట, మమత అవ్వకు చెబుతుంటే విన్నాను. రెండు చుక్కలు! నాకు ఎంత సంతోషమైందో. అంత ఖరీదైన మిషన్ చూసి చెబుతోంది రెండు కళ్ళూ ఉన్నాయని. ఇంట్లో నన్ను అనుమానించనిది అదొక్కటే.

గొయ్యి బొమ్మ ఉత్త బొమ్మలాగే ఉంది. అరచేత్తో ఎడమ కన్ను మూశాను. ఏమీ మారలేదు. బొమ్మ అలాగే ఉంది.

తర్వాత కుడి కన్ను మూశాను.

ఎడమ చివరన కిటికీ వెలుగు కొంచెం ఉంది. బొమ్మ లేదు, తెర లేదు, బల్ల లేదు. చెయ్యి తీసి మళ్ళీ మూశాను. తువ్వాలతో కన్ను తుడుచుకుని మళ్ళీ మూశాను. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నొప్పి లేదు, మంట లేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా కుడి కన్ను మూసి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, చూడాలని అనిపించినప్పుడల్లా ఇంకేదో పని పెట్టుకున్నాను.

మమత చెప్పింది గుర్తొచ్చింది. ఎడమ కంటికి ఒక బొమ్మ పంపుతుందట. నేను కూర్చున్నంతసేపూ పంపుతూనే ఉంది. తీసుకునేందుకు ఇక్కడెవరూ లేరు.

పసుపు రంగు హెల్మెట్. అంజి అద్దంలోనే ఉన్నాడు.

ఆగస్టు 4, మొదటి షిఫ్టు

డ్యూటీ దిగి షేర్ ఆటోలో వస్తుంటే చౌరస్తాలో అంజి ఎక్కాడు. చేతిలో తాపీ, బట్టల మీద సిమెంటు. రోజు కూలీకి పోతున్నాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతనే పలకరించాడు.

"బాగున్నవా అన్నా? రేపేనట గదా నీ మెడికల్. ధైర్యంగ పో."

మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని వెతికాను. లేదు.

ఆగస్టు 5

దవాఖానలో చాలామందిమి ఉన్నాం. పరీక్ష చేసే ఆయన ముందు ఎడమ కన్ను మూసి చదవమన్నాడు. చదివాను. పోశం చెప్పిన అక్షరాలే, అదే వరుస. తర్వాత కుడి కన్ను మూసుకోమన్నాడు.

చార్టు పోయింది. కానీ అక్షరాలన్నీ నోట్లో ఉన్నాయి. వరుసగా చెప్పేస్తే చాలు, మళ్ళీ పిలుపు వచ్చేదాకా డంపర్ నాది. పనికి పోయేవాడి అన్నం నాది.

"ఇ" అన్నాను.

"ఆ, కింద?"

ధైర్యంగా పో అన్నాడు అంజి.

"కనబడ్తలేదు సార్."

"గిప్పుడే ఇ అంటివి గదా?"

"గది యాదికుండి చెప్పిన. కనబడి చెప్పలే. ఈ కంటికి ఏం కనబడ్తలేదు."

ఆయన కలం కింద పెట్టి, నా వెనకున్న వరుస వైపు చూసి నవ్వాడు. "కొడుకుకు ఎన్నేండ్లు కాకా?" అన్నాడు. వరుసంతా నవ్వింది. ఒకాయనైతే, జర మంచిగ నటించరాదే అన్నాడు. నెల రోజులుగా ఇంట్లో అందరినీ నేను చూసిన చూపే అది. ఇప్పుడు నా మీదికి తిరిగింది. జీవితంలో అంత కష్టమైన నిజం నేనెప్పుడూ చెప్పలేదు, ఒక్కడూ నమ్మలేదు.

నమ్మింది డాక్టరమ్మ. అనూహ్య అని, కోస్తా నుంచి వచ్చినావిడ. చీకటి గదిలో కూర్చోబెట్టి లైటు వేసి చూసింది, కంట్లోకి గాలి కొట్టి చూసింది. రెండు కళ్ళూ మళ్ళీ చూసింది.

"ఎవరి దగ్గర దాచారండీ ఇన్నాళ్ళూ? ఈ నరం ఎండిపోయి చాలా కాలమైంది. నీటికాసులు అంటాం. నొప్పి ఉండదు, అందుకే చివరిదాకా తెలియదు. ఇది తిరిగి రాదు. కుడి కంట్లో కూడా ప్రెషర్ ఎక్కువే ఉంది, దానికీ ఎడమవైపు చూపు అక్కడక్కడా చెరిగిపోయింది, అక్కడున్న మనిషి లేనట్టే అనిపిస్తుంది. రోజూ చుక్కలు వేసుకుంటే దాన్ని కాపాడుకోవచ్చు. ఇంకా ఆలస్యం చేసుంటే అదీ పోయేది."

"డ్యూటీ అమ్మా?"

"డంపర్ ఇంక ఎక్కకూడదు. మిగతాది బోర్డు చూస్తుంది."

అక్కడి నుంచి ఇంటికి పోలేదు. నేరుగా భూపాల్ సార్ దగ్గరికి వెళ్ళి వాననాటి సంగతి చెప్పాను. అంజి పడిపోయింది, హెల్మెట్ టైరు పక్కన ఉన్నది, ఎవరికీ చెప్పనిది, అన్నీ చెప్పాను.

"గిప్పుడెందుకు సదానందం గివన్ని? ఎట్లనో బండి దిగినవు. రాస్తె నీ మీద ఎంక్వైరీ అయితది. ఊకో" అన్నాడు.

"రాయండి సార్. రాయకుంటె అంజిదే తప్పయితది."

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు.

ఆగస్టు 8

అంజి మళ్ళీ పనిలోకి వచ్చాడు. నన్ను ప్రస్తుతానికి ఆఫీసు దగ్గర కూర్చోబెట్టారు. క్యాంటీన్లో అతని ఎదురుగా కూర్చున్నాను.

"గా వాననాడు నువ్వు నాకు కనబడలే అంజీ" అన్నాను.

"ఎరుకే అన్నా."

"ఎరుకనా?"

"అద్దంల నన్నే సూటిగ చూస్తున్నవు. చూసుకుంటనే ఎనుకకు వస్తున్నవు. మనిషిని చూసి మీదికెక్కిచ్చెటోనివి కాదు గదా నువ్వు. అప్పుడే సమజైంది, గా దిక్కు నీకు ఆనుతలేదని. తెల్లారి నుంచి కుడి అద్దంల పడేటట్టు నిలబడ్డ."

"మరి సార్ అడిగితె చెప్పకపోతివి?"

"చెప్తె నీ నౌకరి పోతది గదన్నా."

నాకు ఏడుపొచ్చింది. క్యాంటీన్లో అందరి ముందూ ఏడ్చాను. అంజి లేచి నా చాయ్ గ్లాసు టేబులు అంచు నుంచి లోపలికి, కుడిచేతి వైపుకు జరిపాడు.

ఆగస్టు 10, ఆదివారం

వేణు పొద్దున బస్సుకు వచ్చాడు. ఉద్యోగం మాట నేనే ఎత్తాను, ఎంక్వైరీ అయిపోనీ, బోర్డు ఏం చెబుతుందో చూద్దాం, నీకు ఇష్టమేనా అని. "గా ముచ్చట తర్వాత బాపు. ముందు తల ఎత్తు, చుక్కలెయ్యనియ్యి" అన్నాడు. గురి తప్పి ఒక చుక్క చెంప మీద పడింది. మళ్ళీ వేశాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను. అన్నం వేడిగా ఉంది. నీళ్ళ గ్లాసు కుడివైపున ఉంది. తలుపు దగ్గర నా చెప్పులు కుడివైపు, తువ్వాల వేలాడే మేకు కుడివైపు. టీవీ ముందు నా కుర్చీ గదిలో ఎడమ చివరన ఉంది, అక్కడ కూర్చుంటే ఇల్లంతా, ఇంట్లోవాళ్ళంతా నాకు కుడివైపే ఉంటారు. ఎన్ని నెలల నుంచి ఇలా జరుపుతూ వచ్చారో. జరిపిందెవరని ఈసారి అడగలేదు. యమున కూర వడ్డిస్తూ నా వైపు చూసింది. నేను గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను.

సాయంత్రం మమతను ఆ గొయ్యి బొమ్మ పెట్టమన్నాను. చూశాను.

"నాకు లోతు వస్తలేదు బిడ్డా. ఉత్త బొమ్మనే ఉన్నది" అన్నాను.

మమత ఏదో నొక్కింది. మూలనున్న రెండు పచ్చ చుక్కలూ ఆరిపోయాయి.

"గట్లయితె ఉత్త బొమ్మనే చూద్దాం బాపు. ఇదైతె ఇద్దరం చూడొచ్చు" అంది. కుర్చీ లాక్కొచ్చి నా కుడివైపున వేసుకుని కూర్చుంది.